అలైన్ హుకుం, కాతిబ్ నజర్

రాయపోల్ లాంటి ఊళ్లలో షాదీ రుఖ్ఖా అయినా, ఫ్లెక్సీ అయినా ఎక్కువగా తయారయ్యేది కోరల్‌డ్రాలోనే. అన్నీ సెలెక్ట్ చేసి 'ఎల్' నొక్కితే ఎడమ అంచుకు, 'ఆర్' నొక్కితే కుడి అంచుకు, 'పి' నొక్కితే పేజీ నడిమికి వచ్చేస్తాయి. తెలుగుకు ఈ హుకుం దాదాపు చాలు. ఉర్దూకు చాలదు.

నస్తాలీఖ్ లిఖావట్‌లో లఫ్జ్ కుడివైపు పైన మొదలై ఎడమకు కిందికి జారుతుంది. మెషీన్ చూసేది ఆ జారుడును కాదు, చుట్టూ ఉన్న డబ్బాను. డబ్బా సరిగ్గా నడుమ ఉన్నా లఫ్జ్ పక్కకు ఒరిగినట్టే ఉంటుంది. అందుకే కమాండ్ తర్వాత యారో కీతో కాస్త జరపాలి. కాతిబ్‌లు ఈ పని నజర్‌తోనే చేసేవారు.

అసలు జుల్మ్ వేరే ఉంది. ఉర్దూకు తగని సాఫ్ట్‌వేర్‌లో పేస్ట్ చేస్తే హర్ఫులు విడిపోయి, ఎడమ నుంచి కుడికి తిరగబడతాయి. అలైన్‌మెంట్ మాత్రం బరాబర్! చదవబోతే ఏమీ ఉండదు.

తెలంగాణ 2017లో ఉర్దూను రెండో అధికార భాష చేసింది. ఆ ఇజ్జత్ గెజిట్‌లో ఉంటే సరిపోదు, బోర్డు మీద కనబడాలి. ప్రింట్‌కు పంపే ముందు ఉర్దూ చదవగలిగిన ఒక్కరికి చూపించండి. అయిదు నిమిషాల పని. హుకుం మెషీన్‌కు ఇవ్వొచ్చు, జిమ్మేదారీ ఇవ్వలేం.