గుర్రం ఎక్కించే ముందు తబేలా వెనక్కి వెళ్లి చూడండి

హైదరాబాద్ శివార్లలో పిల్లలకు గుర్రపు స్వారీ నేర్పే క్లబ్బులు ఎప్పటి నుంచో ఉన్నాయి. అకోలా రహదారి బాగుపడ్డాక ఆ ముచ్చట నారాయణఖేడ్ దాకా రావడానికి ఎంతో కాలం పట్టదు. రానివ్వండి, వద్దనను. పిల్లలకు ధైర్యం వస్తుంది, నోరులేని జీవి మీద దయ పుడుతుంది. కానీ భూమి కౌలుకిచ్చే రైతన్నలారా, ఫీజు కట్టే తల్లిదండ్రులారా, ముందు తబేలా వెనక్కి నడిచి చూడండి.

ఒక్క గుర్రం రోజుకు 20 కిలోల దాకా లద్ది వేస్తుంది. పది గుర్రాలుంటే ఏడాదికి 73 టన్నులు. దాన్ని వాగు గట్టున పోసి వదిలేస్తే తొలకరికే నల్లటి రసం కారి బావుల్లోకి దిగుతుంది. మిగిలింది మంజీర పాలు. అక్కడి నుంచి సింగూరుకు. ఆ నీళ్లు మనమూ తాగుతాం, హైదరాబాదూ తాగుతుంది.

ఆ లద్దిలోనే ఈగలు గుడ్లు పెడతాయి, ఎండాకాలంలో ఈగ గుడ్డు వారం పది రోజుల్లో ఈగై లేస్తుంది. కుప్పలో ఇనుప చువ్వ గుచ్చి, కాసేపాగి తీసి పట్టుకోండి. చెయ్యి చుర్రుమంటే లద్ది మాగి ఎరువవుతోందన్నమాట. చల్లగా, జిగటగా ఉండి తెల్ల పురుగులు లుకలుకలాడుతుంటే ఆ స్వారీ బడికి పిల్లల్ని పంపకండి. ధనుర్వాతం క్రిములు కూడా లద్దిలో ఉంటాయి. టీకా వేయించకుండా పిల్లలెవరినీ జీను ఎక్కనివ్వకండి.

ఎవరూ అడగని సంగతి ఇంకొకటుంది, ఇసుక. స్వారీ నేర్పడానికి 20 మీటర్ల వెడల్పు, 40 మీటర్ల పొడవు మైదానం వేసి, జానెడు కాదు, పది సెంటీమీటర్లు పరిచినా 80 ఘనపు మీటర్లు కావాలి. అది ఎక్కడి నుంచి వస్తుంది? మనూరు వైపు మంజీరలో రాత్రిపూట ట్రాక్టర్లు దిగితే నష్టం ఏటికే కాదు. ఏటి ఇసుక నీళ్లు పట్టి ఉంచబట్టే ఒడ్డున బావులు నిలుస్తున్నాయి. ఇసుక తవ్వకాన్ని అదుపు చేసే వాల్టా చట్టం 2002 నుంచీ ఉంది, కాగితం మీద. పైగా దుమ్ము లేవకుండా వేసవిలో ఆ మైదానాన్ని రోజూ తడపాలి. మీ బోరు ఎండిందని మీరు ట్యాంకర్ కోసం ఎదురు చూసే నెలల్లోనే.

ఇక రోగం మాట. పెళ్లి బరాత్‌ల సీజన్ ముగిశాక అవే గుర్రాలను చవగ్గా కొని బడిలో కట్టేసే ప్రమాదం ఉంది. ముక్కు నుంచి చిక్కటి చీమిడి, కాళ్ల మీద పగిలే గడ్డలు, తగ్గని జ్వరం కనిపిస్తే అది గ్లాండర్స్ కావచ్చు. మనుషులకూ సోకుతుంది, టీకా లేదు. రోగం తేలితే చట్ట ప్రకారం ఆ గుర్రాన్ని చంపాల్సిందే. అనుమానం వచ్చిన రోజే పశువైద్యుడికి చెప్పండి, దాచకండి. దాస్తే పోయేది ఒక్క గుర్రం కాదు.

లద్ది విషయంలో చేయాల్సింది పెద్ద ఖర్చేమీ కాదు. వాగుకు దూరంగా గచ్చు గుంత, పైన టార్పాలిన్, వారానికోసారి తిరగేయడం. నాలుగు నెలల్లో పత్తికీ కందికీ మంచి ఎరువు. కుప్ప తిరగేసే పార పిల్లల చేతికే ఇవ్వండి, స్వారీ పాఠం అక్కడ మొదలవ్వాలి.

పంచాయతీ పెద్దలకు ఒక్క మనవి. ఇసుక రసీదు, గుర్రాల రక్తపరీక్ష రిపోర్టు, లద్ది గుంత చూశాకే సంతకం పెట్టండి. గుర్రాలు ఇప్పటికే దిగి ఉంటే, వానలు పడేలోపు ఆ కుప్ప ఎత్తించండి.