ముందు వరుస యెవరి సొత్తు?

క్రాస్‌కంట్రీ మౌంటెన్ బైక్ పందెములలో గెలుపునకు బలమొక్కటియే మూలమని నమ్మువారు బయలుదేరు గీతకడ నొక్కసారి నిలిచి చూడవలయును. పూర్వార్జితమగు పాయింట్ల ననుసరించి యచట వరుసలు తీర్చబడును. కొంత దూరము పోవునప్పటికి దారి యిరుకగును. వెనుకనున్నవాడెంత బలశాలియైనను ముందువాని చక్రమును చూచుచు నిలువవలసినదే. ముందున్నవానికి మరల పాయింట్లు, పాయింట్లున్నవానికి మరల ముందు వరుస! ధనము ధనమును పిలుచునను లోకరీతి యిచటను నెలకొన్నది.

2018లో ప్రపంచకప్పునందు ముందు వరుసలను నిర్ణయించుటకు పొట్టి పందెమును ప్రవేశపెట్టిరి. అందు ప్రవేశమునకును పాయింట్లే ద్వారపాలకులైనవి! ఏడాది గడచిన పాయింట్లు లెక్కకు రావు. ప్రపంచకప్పు పందెములు అధికభాగము ఐరోపాలోనే జరుగును. ప్రయాణవ్యయమునకే గతిలేని దేశములవారు ఏటేట నీ కప్పమునెట్లు చెల్లింతురు?

2021లో టోక్యో ఒలింపిక్సున టామ్ పిడ్‌కాక్ వెనుక వరుసనుండి వచ్చి స్వర్ణము గెలువలేదా యని కొందరందురు. నిజమే. కాని యాతనికి సంపన్నమగు జట్టు అండ యుండెను. ఏరు నీదినవాడొకడున్నాడని వంతెన వలదందుమా?

బలమును కొలుచుటకు పట్టిక యుండవలసినదే. పట్టికయే బలమును నిర్ణయింపరాదు. ప్రతి ఖండపు విజేతకును ముందు వరుసలో నొక చోటు కేటాయింపుడని అంతర్జాతీయ సైక్లింగు సంఘమువారిని మేము కోరుచున్నాము. ఇది యాచన కాదు, న్యాయము.