తెర పక్క కబుర్లు: రంగడికి వేసిన సెట్టు

ఈ వారం ఉత్తరాల కట్ట విప్పితే ఎప్పటిలాగే ఫలానా హీరోయిన్ పెళ్ళెప్పుడు, ఫలానా హీరోగారిది సొంత జుట్టా విగ్గా అనే ప్రశ్నలే. వాటి మధ్య ఒక వింత ఉత్తరం తగిలింది. రాసినవాడు ఇంటర్ చదువుతున్న కుర్రాడు. 

“సార్! టీవీలో ‘రాంగో’ చూశాను. మా చేలో తుమ్మచెట్టు మీద అచ్చం అలాంటి ఊసరవెల్లి దొరికింది. పాత చేపల తొట్టెలో పెట్టాను. నిన్నట్నించీ పగలు కూడా కళ్ళు తెరవడం లేదు. దానికి ఇల్లు ఎలా కట్టాలో చెప్పగలరా?”

సినిమా పత్రికకి ఇదేం ప్రశ్నండీ అని మా ఆఫీసులో అంతా నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పగటిపూట కళ్ళు మూసుకుని కూచున్న ఊసరవెల్లిని నేను చూశాను కనక. ఇక్కడ కాదు లెండి, అమెరికాలో.

2019 వేసవిలో మా మేనకోడలు రమ్మంటే డాలస్ వెళ్ళాను. దాని కొడుకు పదమూడేళ్ళవాడు. తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు. నేను వెళ్ళిన రోజే చెయ్యి పట్టుకుని హాల్లోకి లాక్కుపోయాడు. 

“తాతయ్యా, మా రాంగోని చూడు!”

‘రాంగో’ అంటే తెలుసుగా? 2011లో వచ్చిన బొమ్మల సినిమా. గోర్ వెర్బిన్‌స్కీ డైరెక్షన్, హీరోకి గొంతు జానీ డెప్‌ది. ఆస్కార్ కూడా కొట్టింది. హీరో ఒక పెంపుడు ఊసరవెల్లి. గాజు పెట్టెలో ప్లాస్టిక్ చేప, తల లేని బొమ్మ తోటి నటులుగా ఒంటరిగా నాటకాలాడుకుంటూ వుంటాడు. కారు కుదుపుకి ఆ పెట్టె రోడ్డు మీద పడి పగిలి, ఎడార్లో పడతాడు. అక్కణ్ణించీ కథ. (అదే ఏడాది మనవాళ్ళు కూడా ‘ఊసరవెల్లి’ తీశారు, జూనియర్ ఎన్టీఆర్‌తో. అందులో ఊసరవెల్లి పేరులోనే వుందనుకోండి!)

సరే, మావాడి రాంగో దగ్గరికొద్దాం. హోమ్ థియేటర్ పక్కనే రెండడుగుల గాజు తొట్టె. అడుగున ఇసక, పైన ఒక ఎర్ర బల్బు, రెండు ప్లాస్టిక్ తీగెలు, ఒక నీళ్ళ గిన్నె. మూల ముదురు గోధుమ రంగులో, ముడుచుకుపోయి, కళ్ళు మూసుకుని కూచుంది ప్రాణి. వెనక కాలొకటి వంకర తిరిగి వుంది.

“రాంగో ఏమిట్రా, మన రంగడే!” అన్నాను. మావాడికి ఆ పేరు నచ్చింది. ఆ రోజునించీ రంగడే అయ్యాడు.

“ఎప్పుడూ ఇలాగే నిద్రపోతాడా?” అని అడిగాను.

“ముందు బాగుండేవాడు తాతయ్యా. ఈమధ్య నాలుక కూడా సరిగా రావడం లేదు. పురుగుని గురి చూస్తాడు, అందుకోలేడు” అన్నాడు. గొంతు వణికింది వాడికి.

మర్నాడు పాములకీ బల్లులకీ వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. ఎక్స్‌రే తీసింది. ఎముకలు పల్చబడిపోయాయంది. తొట్టె ఫొటో చూపించమంది. చూసి మావాణ్ణి అడిగింది, “ఈ లైటు ఎవరిచ్చారు?” అని. ఊసరవెల్లిని అమ్మిన కొట్టువాడే తొట్టె, లైటు, తీగెలు అన్నీ కలిపి ఓ పెట్టెగా కట్టి అమ్మాడట. డాక్టరమ్మ నిట్టూర్చి, “మందు నేనిస్తాను. కానీ ఇల్లు మార్చకపోతే మందు పనిచెయ్యదు” అంది.

కార్లో వస్తున్నంతసేపూ మావాడు నోరు విప్పలేదు. ఇంటికొచ్చి గదిలో తలుపేసుకున్నాడు. మా మేనకోడలు, “మావయ్యా, నువ్వు చెప్పు వాడికి. ఎవరికైనా ఇచ్చేద్దాం, మనవల్ల కాదు” అంది. నేను లోపలికెళ్తే వాడు ఒక్కటే మాటన్నాడు. “నేనే చేశాను కదా తాతయ్యా వాడికలా?”

ఏం చెప్పను? కాదు అంటే అబద్ధం. అవునంటే పసివాడు. “తెలీక చేశావురా. ఇప్పుడు తెలిసింది. లే, సెట్టు వేద్దాం” అన్నాను.

సెట్టు అని వూరికే అనలేదు. మద్రాసు స్టూడియోల చుట్టూ తిరిగిన రోజుల్లో నాకు ఒంటబట్టిన సంగతి ఒకటుంది. కంటికి వెలుగ్గా కనపడ్డ లైటల్లా పనికొచ్చే లైటు కాదు. ‘మాయాబజార్’లో (1957) మార్కస్ బార్ట్లీగారు వెన్నెల సృష్టించారంటే బల్బులు ఎక్కువ పెట్టి కాదు, ఏది ఎక్కడ, ఎంత దూరంలో పెట్టాలో తెలిసి. రంగడి విషయంలోనూ సరిగ్గా అదే కిటుకు!

ఎండలో మన కంటికి కనపడని అతినీలలోహిత కిరణాలుంటాయి. వాటిలో ‘బి’ రకం ఒంటికి తగిలితేనే ఊసరవెల్లి చర్మంలో డి విటమిన్ తయారవుతుంది. అది లేకపోతే తిన్న కాల్షియం ఒంటబట్టదు. అప్పుడు ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం లాక్కుంటుంది. కాళ్ళు వంగుతాయి, దవడ మెత్తబడుతుంది, నాలుక సాగదు. రంగడికి పట్టిన రోగం ఇదే. కిటికీ పక్కన పెడితే సరిపోదా అంటారేమో, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. ఆ ఎర్ర బల్బు ఇచ్చింది వేడి ఒక్కటే. పైగా రాత్రంతా వెలిగి నిద్ర కూడా పాడు చేసింది.

మా అల్లుడుగారు మొదట గొణిగారు గానీ, గరాజ్‌లో రంపం పట్టుకునేసరికి ఆయనే అందరికంటే హుషారైపోయారు. ముగ్గురం కలిసి మూడు రోజుల్లో కట్టాం. ఎలా కట్టామో వరసగా చెప్తాను.

రంగడి జాతిని అక్కడ వెయిల్డ్ కమీలియన్ అంటారు. నెత్తిమీద కిరీటంలాంటి ఎత్తు. సొంతూరు యెమెన్, సౌదీ కొండ ప్రాంతాలు. కొట్లలో అమ్మేవి చాలావరకు అక్కడే పిల్లలు చేయించి పెంచినవి. నేలమీద తిరిగేది కాదు, కొమ్మల మీద బతికేది. అందుకని వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. 2 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. చెక్క ఫ్రేము, చుట్టూ సన్నని జాలీ. గాజు తొట్టెలో గాలి ఆడదు. దానికి తోడు అద్దంలో తన నీడ తనకే కనపడితే ఇంకో మగాడొచ్చాడని రోజంతా ఆవేశపడుతుంది. మన సినిమాల్లో డబుల్ యాక్షన్ సరదా గానీ, ఊసరవెల్లికి ప్రాణసంకటం. అందుకే ఒక ఇంట్లో ఒక్కటే వుండాలి. జోడీ కుదరదు.

తర్వాత లైట్లు. పొడుగాటి అతినీలలోహిత ట్యూబు ఒకటి పైన. దాని కింద కొమ్మ మీద కూచుంటే వీపుకీ ట్యూబుకీ మధ్య 8, 9 అంగుళాలు వుండేట్టు కొలిచి కట్టాం. ఇంకా దగ్గరైతే హాని, దూరమైతే దండగ. పక్కనే మామూలు బల్బు, చలి కాచుకోవడానికి. ఆ కొమ్మ దగ్గర వేడి 85 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే సుమారు 29 సెంటీగ్రేడ్. కింద చల్లగా. ఎండా నీడా రెండూ వుంటే ఎక్కడ కూచోవాలో వాడే చూసుకుంటాడు. పన్నెండు గంటలు లైటు, పన్నెండు గంటలు కటిక చీకటి. ట్యూబు ఏడాదికోసారి మార్చాలి. అది తెల్లగా వెలుగుతూనే వుంటుంది గానీ లోపల సరుకు అయిపోతుంది. కొందరు నటుల్లాగా అన్నాడు మా అల్లుడు. పేర్లు నేను రాయను!

ఇక నీళ్ళు. గిన్నెలో నిలవ నీళ్ళని ఊసరవెల్లి సాధారణంగా గుర్తించదు. ఆకుల మీద మెరిసే బొట్టుని చూసి నాకుతుంది. ఇన్నాళ్ళూ మావాడు గిన్నె నింపుతూనే వున్నాడు, రంగడు దాహంతో మాడుతూనే వున్నాడు. ఉదయం లైటు వెలగకముందు, రాత్రి ఆరాక, రెండేసి నిమిషాలు తుంపర. పగలు సెలైన్ సీసాలాంటిదొకటి పైన పెట్టి ఆకు మీద చుక్క చుక్క. కింద నీళ్ళు పట్టడానికో ట్రే. మధ్యలో అంతా ఆరిపోవాలి. ఎప్పుడూ తడిగా వుంటే ఊపిరితిత్తులకి జబ్బు.

ప్లాస్టిక్ తీగెలు తీసి అవతల పారేశాం. అసలు మొక్కలు పెట్టాం. మనీప్లాంటు, మందార. మందు కొట్టని మొక్కలు తెచ్చి ఆకులన్నీ కడిగాం. ఈ జాతికి ఆకులు కొరికే అలవాటుంది మరి. దాక్కోడానికి గుబురు, నడవడానికి అడ్డకొమ్మలు. వాటి పాదాలు పట్టకారులాంటివి. లావు, సన్నం రకరకాల కొమ్మలుంటే పట్టు బాగుంటుంది. మొత్తం పెట్టెని బల్ల మీద ఎత్తుగా పెట్టాం. చెట్టుమీది జీవికి పైనుంచి వచ్చేవాడు శత్రువు. తను పైనుంటేనే ధైర్యం. హోమ్ థియేటర్ పక్కనుంచి మావాడి గదిలో ఒక మూలకి మార్చాం. ఏసీ గాలి తగలని మూల.

తిండి కూడా మారింది. కీచురాళ్ళకి ముందు రోజు ఆకుకూర, క్యారెట్ పెట్టి, తర్వాత వాటికి విబూది పూసినట్టు కాల్షియం పొడి పూసి ఇవ్వడం. డాక్టరమ్మ ఇచ్చిన చుక్కలమందు వేరే. 

మొదటి వారం ఏమీ లేదు. రంగడు కొమ్మ మీద అలాగే నల్లగా కూచున్నాడు. మావాడు స్కూల్నించి రాగానే తలుపు సందులోంచి చూసేవాడు. పట్టుకోకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా, చెయ్యి వెనక్కి కట్టుకుని నిలబడేవాడు. రెండోవారంలో ఒక పొద్దున్న, తుంపర ఆగాక, ఒక కన్ను తెరిచాడు రంగడు. ఆ కన్ను అటూ ఇటూ తిరిగి, మందార ఆకు మీద బొట్టు దగ్గర ఆగింది. తర్వాత రెండో కన్ను మావాడి వైపు తిరిగింది. నీళ్ళు తాగాడు. ఎంతసేపు తాగాడనుకున్నారు! మేం మంచం మీద కూచుని ఊపిరి బిగపట్టి చూశాం. ఫస్ట్ డే ఫస్ట్ షో కూడా అంత నిశ్శబ్దంగా చూడలేదు నేను.

రోగం తగ్గడానికి నెలలు పట్టింది. నేను తిరిగొచ్చేశాక ఓ రోజు వీడియో పంపాడు మావాడు. రంగడు ఆకుపచ్చగా, పక్కన పసుపు చారలతో. నాలుక ఒళ్ళంతకంటే పొడుగ్గా సాగి కీచురాయిని అందుకుంది. వెనక కాలు మాత్రం వంకరగానే వుంది. అది ఇక సరికాదు. మావాడు కింద మాటల్లో చెప్పాడు, “ఆ కాలు చూసినప్పుడల్లా లైటు చెక్ చేస్తా తాతయ్యా” అని.

ఇంకో ముక్క. మన సినిమాల్లో విలన్ని ‘ఊసరవెల్లి’ అని తిడతారు. తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత కూడా. నిజానికి అది మోసానికి రంగు మార్చదు. వెనకున్న గోడ రంగు చూసి మారుతుందనేదీ కట్టుకథే. వేడి, చలి, కోపం, భయం, ప్రేమ వీటికి రంగు మారుతుంది. 2015లో జెనీవా యూనివర్సిటీవాళ్ళు ఎలా మారుతుందో తేల్చారు. మడగాస్కర్ ఊసరవెల్లి చర్మంలో కంటికి కనపడని గ్వానిన్ స్ఫటికాలు బారులు తీరి వుంటాయి. నెమ్మదిగా వున్నప్పుడు దగ్గరగా వుండి ఒంటిని పచ్చగా చూపిస్తాయి. ఉద్రేకం వస్తే దూరం జరిగి పసుపు, నారింజ రంగులు చూపిస్తాయి. అంటే మనసులో మాట ఒంటిమీద రాసుకు తిరిగే అమాయకుడన్నమాట! అబద్ధం ఆడదామన్నా ఆడలేదు. రంగడు ఆ గాజు తొట్టెలో రోజూ తన నల్లరంగుతో ‘బాగాలేదురా’ అని చెప్తూనే వున్నాడు. చదవడం మాకే రాలేదు.

ఇప్పుడు నీ సంగతి, ఉత్తరం రాసిన తమ్ముడూ. ఇంత చదివి రంపం తీసేవు, ఆగు! నీ తొట్టెలో వున్నది యెమెన్ నించి వచ్చిన జాతి కాదు, మన తుమ్మచెట్టు మీద పుట్టి పెరిగిన మన ఊసరవెల్లి. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టం కింద దాన్ని పట్టడం, పెంచడం, అమ్మడం అన్నీ నేరమే. జైలు దాకా పోతుంది. చట్టం సంగతి అలా వుంచినా, మేం ముగ్గురం మూడు రోజులు చెమటోడ్చి, డాక్టరమ్మకి డబ్బు పోసి చేసిందేమిటి? ఒక చెట్టుకీ, ఎండకీ, మంచుకీ నకలు తీశాం. అంతే. నీ చేలో అసలుదే వుంది. ఎత్తు, గాలి, ఎండ, ఆకుమీద బొట్టు, పురుగులు అన్నీ ఉచితం!

ఉత్తరం నాకు చేరేసరికే నాలుగు రోజులైంది. అందుకని నీకు ఫోన్ చేసి చెప్పాను, ఇక్కడ మిగతావాళ్ళ కోసం మళ్ళీ రాస్తున్నాను. ఫారెస్టు వాళ్ళకి కబురు పెట్టి, వాళ్ళు చెప్పినట్టు పట్టిన చెట్టు మీదే వదలాలి. నువ్వు వదిలానన్నావు. కొమ్మ మీద పెట్టగానే ముందుకీ వెనక్కీ ఊగుతూ, మెల్లిగా ఒక్కో అడుగు వేస్తూ పైకెళ్ళిందన్నావు. “ఏ రంగులో వుంది?” అని నేనడిగితే, “నల్లగానే వుంది సార్, పై కొమ్మకి వెళ్ళాక పచ్చబడింది” అన్నావు.

ఆ ఒక్క మాటకే నీకు ఈ వారం మంచి ఉత్తరం బహుమతి. మిగతా హీరోయిన్ల పెళ్ళిళ్ళు వచ్చే వారం మాట్లాడుకుందాం. సరేనా?