టిప్ ఇచ్చేవారికి లాభమేంటి? సుచేతా దలాల్ కెరీర్ చెప్పే పాఠం

సిద్దిపేట లాంటి పట్టణాల్లోనూ డిగ్రీ పిల్లల ఫోన్లలోకి ట్రేడింగ్ యాప్‌లు వచ్చేశాయి. 'ఈ షేర్ కొనండి, డబుల్ గ్యారంటీ' అంటూ టెలిగ్రామ్‌లో పొద్దున్నే మెసేజ్‌లు వస్తుంటాయి. పైసలు పోతే ఇంట్లో చెప్పుకోలేరు. ఇలాంటి టైమ్‌లో సీనియర్ జర్నలిస్టు సుచేతా దలాల్ పనితీరును ఓసారి గుర్తు చేసుకోవాలి.

1992 మొదట్లో బొంబాయి మార్కెట్‌లో హర్షద్ మెహతా పేరే మోగుతోంది. రూ.200 దగ్గరున్న ఏసీసీ షేర్ దాదాపు రూ.9 వేలకు ఎగబాకింది. ఆయన ఏ షేర్ కొంటున్నాడని అందరూ ఆరా తీశారు. టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఉన్న సుచేత మాత్రం అతనికి అన్ని పైసలు ఎక్కడి నుంచి వస్తున్నాయో వెతికారు. 1992 ఏప్రిల్ 23న ఆమె కథనం వచ్చింది. స్టేట్ బ్యాంక్ లెక్కల్లో సుమారు రూ.500 కోట్ల తేడా బయటపడింది.

బ్యాంకులు ప్రభుత్వ సెక్యూరిటీలు కొనేటప్పుడు బ్రోకర్ మధ్యలో ఉండేవాడు. బ్యాంకు ఇచ్చిన సొమ్ము అతని ఖాతా మీదుగా షేర్లలోకి మళ్లింది. సెక్యూరిటీల బదులు 'బ్యాంక్ రసీదులు' చేతులు మారాయి, వాటిలో కొన్ని ఉత్త కాగితాలే. జానకీరామన్ కమిటీ లెక్క తేల్చేసరికి అది రూ.4 వేల కోట్లు దాటింది.

2006లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది భర్త దేబాశిష్ బసుతో కలిసి 'మనీలైఫ్' పత్రిక పెట్టారు. 2010లో పొదుపుదారుల కోసం ఫౌండేషన్ మొదలుపెట్టారు.

పేరు చూసి నమ్మితే ఏమవుతుందో హైదరాబాద్ కూడా చూసింది. 2008లో కార్పొరేట్ గవర్నెన్స్‌కు గోల్డెన్ పీకాక్ అవార్డు అందుకున్న సత్యం కంప్యూటర్స్‌లో లెక్కలు తప్పని 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజే ఒప్పుకున్నారు. ఒక్క రోజులో షేర్ మూడొంతులకు పైగా కూలింది.

మరి టీవీలో చెప్పేవారి సంగతి? 2021లో ఓ హిందీ బిజినెస్ చానెల్ యాంకర్‌పై సెబీ చర్య తీసుకుంది. తను షోలో చెప్పబోయే షేర్లను ముందే ఇంటివాళ్ల ఖాతాల్లో కొనిపించి, జనం కొన్నాక అమ్మించాడన్నది ఆరోపణ.

ఇక ఫ్యూచర్స్, ఆప్షన్స్ లెక్క చూడండి. 2024-25లో ట్రేడ్ చేసిన వ్యక్తుల్లో 91 శాతం మంది నష్టపోయారని సెబీ అధ్యయనం తేల్చింది. మొత్తం నష్టం రూ.1.05 లక్షల కోట్లు.

మన ఇళ్లలో 'హలాల్' అన్న మాట వినగానే నమ్మకం కుదురుతుంది. హలాల్ లాభమని డిపాజిట్లు సేకరించిన హీరా గోల్డ్ కేసులో 2018లో దాని అధినేత్రి అరెస్టయ్యారు. షరియా ఇండెక్స్‌లు కంపెనీ వ్యాపారం ఏంటి, అప్పు, వడ్డీ ఎంత అని వడకడతాయి. యాజమాన్యం నిజాయితీకి, మన లాభానికి అవి పూచీ కావు. ఆప్షన్ల వ్యాపారం జాయెజ్ కాదని చాలామంది ఉలమా చెబుతారు.

అందుకే టిప్ వచ్చినప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి. చెప్పే మనిషికి సెబీ రిజిస్ట్రేషన్ ఉందా? ఆ నంబర్ సెబీ వెబ్‌సైట్‌లో కనబడుతుందా? మనం కొంటే అతనికి వచ్చేదేంటి? వీటికి సాఫ్ జవాబు రాకపోతే పైసలు కదపొద్దు. ఎవరైనా మోసం చేస్తే సిగ్గుపడి దాచొద్దు, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.