తూటా ఆగేదెక్కడ?

నిజాంపట్నం చుట్టుపక్కల ఎటు చూసినా చూపుకి అడ్డొచ్చేవి తాటిచెట్లు, మడ అడవులు, రొయ్యల చెరువుల గట్లు. అంతే! కొండ మాట అటుంచి, చెప్పుకోదగ్గ గుట్ట కూడా కనిపించదు. నేల ఇంత చదునుగా ఉండటం వరికి మంచిదే, చెరువులకీ మంచిదే. తుపాకి పేల్చేవాడికి మాత్రం మంచిది కాదు. ఏ రైఫిల్ మేలు, ఏ బోరు మేలు అన్న చర్చ వచ్చినప్పుడు మొదట తుపాకిని కాదు, ఈ నేలను చూడాలి.

ఈ ప్రశ్న అడిగేవాళ్లు మూడు రకాలు. పంటను అడవి పందులు తొక్కేస్తుంటే ఏం చేయాలో పాలుపోని రైతు ఒకరు. పిల్లవాడికి షూటింగ్ నేర్పించాలనుకునే తండ్రి ఒకరు. ఇంగ్లిషు ఛానళ్లలో కిలోమీటరు దూరం నుంచి జింకను కొట్టేవాళ్లను చూసి ముచ్చటపడే కుర్రాడు మూడోవాడు. ముగ్గురికీ జవాబు ఒకటి కాదు. కానీ ముగ్గురూ మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే. గురి తప్పితే ఆ తూటా ఎక్కడ ఆగుతుంది?

నున్నటి గొట్టం, గాడుల గొట్టం

ఈ తీరానికి తుపాకి కొత్త కాదు. 1606లో డచ్చివాళ్లు ఇక్కడ వర్తక స్థావరం పెట్టారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఇంగ్లిషు ఓడ ఈ రేవుకు వచ్చి, ఆ తర్వాతే మచిలీపట్నం వెళ్లింది. తెల్లవాళ్ల రికార్డుల్లో అప్పటికి ఈ ఊరి పేరు పెట్టపోలి. ఆ కాలంలో మామూలుగా వాడిన తుపాకుల గొట్టం లోపల నున్నగా ఉండేది. గుండు బయటికొచ్చాక ఎటు పోతుందో కాల్చినవాడికే నమ్మకం లేదు. వంద గజాలు దాటితే మనిషిని గురి చూసి కొట్టడమే కష్టం.

రైఫిల్ వచ్చి ఈ లెక్క మార్చేసింది. దాని గొట్టం లోపలి గోడకు మెలితిరిగిన గాడులుంటాయి. తూటా వాటిని ఒరుసుకుంటూ గిర్రున తిరుగుతూ బయటికి వస్తుంది. బొంగరం తిరిగినంతసేపూ నిలబడినట్టే, తిరుగుతున్న తూటా కూడా ముక్కు ముందుకే ఉంచి నిటారుగా పోతుంది. వందల గజాల దూరానికి గురి కుదిరింది ఇందువల్లే.

ఇక బోరు. రైఫిల్‌కు బోరు అంటే గొట్టం రంధ్రం వెడల్పు, అంగుళంలో ఎన్నో వంతు అని. పాయింట్ 22 అంటే సుమారు 5.6 మిల్లీమీటర్లు. పాయింట్ 315 అంటే 8 మిల్లీమీటర్లు. ‘థర్టీ నాట్ సిక్స్’లో థర్టీ అనేది అంగుళంలో వందకు 30 వంతులు, సిక్స్ అనేది అది పుట్టిన 1906వ సంవత్సరం. పన్నెండు బోరు లెక్క మాత్రం వేరు. ఒక పౌను సీసంతో పన్నెండు సమానమైన గుండ్లు పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం అంత వెడల్పు. అందుకే పన్నెండు కంటే పదహారు బోరు సన్నం! గాడుల్లేని ఈ తుపాకినే షాట్‌గన్ అంటారు.

గాలి మాట వినాలి

దూరం పెరిగేకొద్దీ తూటాకు ఇద్దరు శత్రువులు. ఒకటి భూమ్యాకర్షణ, రెండోది గాలి. థర్టీ నాట్ సిక్స్‌లో సుమారు పదకొండున్నర గ్రాముల తూటా సెకనుకు 820 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. 200 గజాలకు సరిగ్గా తగిలేలా గురి సరిచేసుకుంటే, అదే గురితో 500 గజాల దగ్గర దాదాపు నాలుగు అడుగులు కిందికి దిగిపోతుంది. అయినా ఇది లెక్కకు అందే సంగతే. కొలిచి పైకి గురి పెట్టొచ్చు.

లెక్కకు లొంగనిది గాలి. గంటకు 16 కిలోమీటర్ల వేగంతో పక్కగాలి వీస్తే అదే తూటా 500 గజాల్లో అడుగున్నరకు పైగా పక్కకు జరుగుతుంది. సముద్రపు ఒడ్డున మధ్యాహ్నం అలాంటి గాలి రోజూ ఉండేదే. పైగా కాల్చేవాడి దగ్గర ఒక వేగం, చెట్ల దాపున ఇంకో వేగం. పందెం కోసం అట్ట మీద కాల్చేటప్పుడు అడుగు తప్పితే మార్కులు పోతాయి. ప్రాణి మీద కాలిస్తే? గుండెకు తగలాల్సింది పొట్టకు తగులుతుంది. ఆ ప్రాణి గంటల తరబడి తన్నుకుని ఎక్కడో పొదల్లో చస్తుంది.

2007లో అమెరికాలో వచ్చిన 6.5 క్రీడ్‌మూర్‌లాంటి తూటాలు సన్నగా, పొడవుగా ఉండి గాలిని బాగా చీల్చుకుపోతాయి. దూరపు గురికి అవి మేలే. ఎంత మేలైనా గాలిని తగ్గిస్తాయి తప్ప లేకుండా చేయలేవు. ఇక బరువైన బోరు తీసుకుంటే దూరం పోతుందన్నది సగం నిజం. భుజం మీద గట్టిగా తన్నే తుపాకిని చూసి మనసు ముందే జంకుతుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో కన్ను మూసుకుపోతుంది, చెయ్యి అదురుతుంది. ఖరీదైన తుపాకి, ఖరీదైన దుర్భిణి ఆ అదురుని ఆపలేవు. భయపడకుండా రోజూ సాధన చేయగలిగిన బోరే మనిషికి సరైన బోరు.

బోరును ఎంచింది చట్టమే

మన దేశంలో ఇంకో విచిత్రం ఉంది. ఇక్కడ బోరును వేటగాడి కంటే ముందు ప్రభుత్వమే ఎంచింది. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో తెల్లదొరలు పాయింట్ 450 బోరు వేట తుపాకుల్ని, వాటి తూటాల్ని ఇండియాకు రానివ్వకుండా ఆపేశారు. సైన్యం వాడిన మార్టినీ హెన్రీ తుపాకులదీ ఆ కొలతే. తిరుగుబాటుదారుల చేతికి చిక్కిన తుపాకులకు వేట తూటాల్లోని సీసం పనికొస్తుందని వాళ్ల భయం. దాంతో బ్రిటిష్ తుపాకుల కంపెనీలు రూటు మార్చాయి. పాయింట్ 465, 470, 475, 476 అంటూ కొత్త కొలతలు పుట్టించాయి. ఆఫ్రికా ఏనుగుల వేటలో పేరుమోసిన 470 పుట్టుక వెనక ఉన్నది ఇండియా మీద పెట్టిన ఆంక్షే!

స్వాతంత్ర్యం వచ్చాకా ఆ ఆలోచన పోలేదు. పాయింట్ 303, 7.62 మిల్లీమీటర్లలాంటి సైనిక కొలతల తూటా పట్టే తుపాకి ఏదైనా సామాన్యుడికి నిషిద్ధ బోరు కిందే లెక్క. బెంగాల్‌లోని ఇషాపూర్ ప్రభుత్వ కర్మాగారం పాయింట్ 315 రైఫిల్ తయారుచేసింది అందుకే. చూడటానికి పాత 303కి తమ్ముడిలా ఉంటుంది, దాని తూటా మాత్రం ఇందులో పట్టదు. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణతో మామూలు లైసెన్సుదారుడు మూడు తుపాకులు ఉంచుకునే వీలు రెండుకు తగ్గింది. లైసెన్సు కాలం మూడేళ్ల నుంచి అయిదేళ్లకు పెరిగింది. లైసెన్సు చేతిలో ఉన్నంత మాత్రాన వేటాడొచ్చని కాదు. 1972 వన్యప్రాణి చట్టంలో మొదట వేట లైసెన్సులకు చోటుండేది. 1991 సవరణ దాన్నీ తీసేసింది.

దగ్గరి వేటగాళ్లు

దూరం నుంచి కొట్టడమే గొప్ప అనుకునేవాళ్లు ఆ కాలపు పెద్ద వేటగాళ్ల సంగతి తెలుసుకోవాలి. చంపావత్ పులిని చంపినందుకు 1907లో జిమ్ కార్బెట్‌కు బహుమతిగా వచ్చింది పాయింట్ 275 రిగ్బీ రైఫిల్. పెద్ద బోరేం కాదు, తేలికైన తుపాకి. తన్ను తక్కువ, గురి నికరం. సికింద్రాబాదు పక్కన బొల్లారంలో 1910లో పుట్టిన కెన్నెత్ ఆండర్సన్ వాడింది పాయింట్ 405 వించెస్టర్. పాత చిత్తూరు జిల్లా చామల లోయలో నరభక్షకి కోసం తిరిగిన కథ ఆయన మొదటి పుస్తకంలోనే ఉంది. ఈ ఇద్దరూ మంచె మీదో, రాతి చాటునో రాత్రుళ్లు కూర్చుని, జంతువు బాగా దగ్గరికొచ్చేదాకా ఓపిక పట్టినవాళ్లు. గాయపడిన పులిని వదిలేస్తే ఊరికి ఏమవుతుందో వాళ్లకు తెలుసు. వాళ్ల నైపుణ్యంలో సగం కాల్చకుండా ఆగడమే.

పందికి ఏ తుపాకి?

ఇప్పుడు రైతు సంగతి. పంటను పాడుచేసే జంతువును కాల్చడానికి చట్టంలో దారి ఉంది. ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారిగానీ, ఆయన అధికారమిచ్చినవారుగానీ రాతపూర్వకంగా అనుమతించాలి. తెలంగాణలో 2021లో అడవి పందులను నమోదైన షూటర్లతో కాల్పించే ఏర్పాటు జరిగింది కూడా. అంతేగానీ తన పొలమే కదా అని రైతు తానే తుపాకి ఎత్తడానికి వీల్లేదు.

అనుమతి వచ్చిందే అనుకుందాం. అప్పుడు మళ్లీ నేల మాటే. కొండవాలున పందిని కాలిస్తే తప్పిన తూటా మట్టిలో దిగబడుతుంది. కృష్ణా డెల్టాలో ఆ మట్టిగోడ ఏది? కాస్త పైకెత్తి పేల్చిన థర్టీ నాట్ సిక్స్ తూటా నాలుగు కిలోమీటర్లు దాటి పోగలదు. చిన్నదని తేలిగ్గా చూసే పాయింట్ 22 కూడా ఒకటిన్నర కిలోమీటరు దాకా పోగలదు. వాలుగా తగిలితే నీళ్ల మీద రాయిలాగే తూటా కూడా ఎగిరి దారి మళ్లుతుంది. ఇక్కడ ఉన్నవన్నీ నీళ్లే! చెరువు గట్టు మీద రాత్రి కాపలా ఉండేవాడు, తెల్లారకముందే కాలవలో పడవ తోసేవాడు, చేలో వంగి నీళ్లు మళ్లించేవాడు... మడ చెట్ల అవతల ఎవరున్నారో కాల్చేవాడికి కనపడదు.

అందుకే ఇలాంటి నేల మీద దూరపు రైఫిల్ పనికిరాదు. అనుమతి పొందిన షూటరుకైనా నాలుగైదు మీటర్ల ఎత్తు మంచె, ఇరవై మీటర్లలోపు దూరం, కిందికి చూసే గొట్టం ఉండాలి. పెద్ద గుళ్లు వేసిన పన్నెండు బోరుకు ముప్ఫై నలభై మీటర్లు దాటితే బలం చాలదు. ఇక్కడ ఆ లోటే దాని సుగుణం. అయినా దారితప్పిన గుళ్లు వందల మీటర్లు పోతాయి కాబట్టి ముందేముందో చూడకుండా అదీ పేల్చకూడదు.

అసలు తుపాకి దాకా పోకుండానే చేయగలిగినవి ఉన్నాయి. వేరుశనగ చుట్టూ కుసుమ, మొక్కజొన్న చుట్టూ ఆముదం నాలుగు వరుసలు వేయమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ముళ్లకంచె ఉంది, గొలుసు కంచె ఉంది. చేయకూడనిది మాత్రం ఒకటుంది, చేను చుట్టూ కరెంటు తీగ. పంది కోసం పెట్టిన ఆ తీగకు తగిలి పక్క పొలం రైతులు చనిపోయిన వార్తలు మన పత్రికలకు కొత్త కాదు.

ఎయిర్‌గన్ ఆట కాదు

పిల్లవాడికి షూటింగ్ నేర్పించాలనుకునే తండ్రికి జవాబు తేలిక. పాయింట్ 177, అంటే 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిల్. గుండు శక్తి 20 జౌళ్లు మించకపోతే దీనికి లైసెన్సు అక్కర్లేదు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే. ఆ అట్ట మీద పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు! అర కిలోమీటరు దూరం కొట్టాలని ఉబలాటపడేవాడు ముందు ఈ చుక్కను పది మీటర్ల నుంచి కొట్టి చూపించాలి. ఊపిరి బిగబట్టడం, ట్రిగ్గర్ మెల్లగా నొక్కడం ఇక్కడ వస్తేనే పాయింట్ 22తో యాభై మీటర్లకు పోవచ్చు. ఆ రేంజిల్లో అట్ట వెనకే గుండును పట్టే ఇనప పెట్టె ఉంటుంది. పోటీ ఏదైనా తూటా ఆగే చోటు కట్టిన తర్వాతే కాల్చే చోటు కడతారు.

లైసెన్సు లేదు కదా అని ఆ ఎయిర్‌గన్‌తోనే మడ అడవుల్లో కొంగల్ని, వలస పక్షుల్ని కొడితే అది వన్యప్రాణి చట్టం కింద నేరమే. కృష్ణా అభయారణ్యం మడల్లో బావురుపిల్లి ఉంది. దానికి చట్టంలో పులితో సమానమైన మొదటి షెడ్యూలు రక్షణ. దాన్ని చంపితే మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల వరకూ జైలు.

చదును నేల మీద కాల్చడమెలాగో తెలిసినవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. బాపట్ల పక్కన సూర్యలంక వైమానిక స్థావరంలో వాయుసేన క్షిపణుల్ని పేల్చి చూస్తుంది. 2020 నవంబరు, డిసెంబరుల్లో ఆకాశ్ క్షిపణుల్ని పరీక్షించింది ఇక్కడే. అంత పెద్ద సైన్యం, అంత సరంజామా. అయినా పేల్చేది మనుషులుండే ఊళ్ల వైపు కాదు, సముద్రం వైపు. ముందుగా హెచ్చరిక వెళుతుంది, ఆ వైపు వేటకు పోవద్దని పడవల్ని ఆపుతారు. రాడార్ ఉన్నవాళ్లే ఇన్ని జాగ్రత్తలు పడుతుంటే, బ్యాటరీ లైటుతో మంచె ఎక్కేవాడు ఎన్ని పడాలి!