వేప ఉన్నది, వినియోగమే లేదు

టమోటా ధర రైతును ఒక ఏడు అందలమెక్కిస్తే మరో ఏడు నట్టేట ముంచుతుంది. 2023 జూలైలో మదనపల్లె మార్కెట్టులో కిలో 200 రూపాయల దాకా పలికిన ఈ పంటను, ధర పడిపోయినప్పుడు కోతకూలి సైతం గిట్టక రోడ్డు పక్కన పారబోయడం రాయలసీమకు కొత్త కాదు. ధర రైతు చేతిలో లేదు. సాగు ఖర్చు మాత్రం కొంతవరకైనా ఆయన చేతిలోనే ఉన్నది. ఆ ఖర్చులో పురుగుమందుల వాటా తక్కువేమీ కాదు. అందువల్లనే మొక్కల నుంచి లభించే సహజ కీటకనాశనుల ప్రాధాన్యాన్ని గుర్తించవలసి ఉన్నది.

కాయతొలుచు పురుగు, ఆకుముడత వైరస్‌ను వ్యాపింపజేసే తెల్లదోమ టమోటాకు పాత శత్రువులు. దక్షిణ అమెరికాలో పుట్టిన టూటా పురుగు 2014లో మహారాష్ట్రలో బయటపడి ఈ జాబితాలో చేరింది. కాయలోకి దూరిన పురుగుకు పైన చల్లిన మందు తగలడం కష్టం. అయినా ఆందోళనతో రైతు మందు మార్చి మందు కొడుతూనే ఉంటాడు. ఫలితంగా పురుగు మందుకు అలవాటుపడుతుంది, పంటకు మేలు చేసే సాలీళ్లు, మిత్రకీటకాలు నశిస్తాయి. కొద్ది రోజులకొకసారి కోతకు వచ్చే కాయపై అవశేషాలు మిగిలిపోతాయి. పచ్చిగా కూడా తినే కాయ విషయంలో ఇది వినియోగదారులు సైతం ఆలోచించవలసిన అంశం.

వేపగింజలోని అజాడిరాక్టిన్ పురుగును తక్షణం చంపదు. ఆకు తిననివ్వదు, గుడ్లు పెట్టనివ్వదు, కుబుసం విడిచి ఎదగనివ్వదు. అయిదు కిలోల వేపగింజల పొడిని రాత్రంతా నానబెట్టి వడకట్టి, కొద్దిగా సబ్బు చేర్చి 100 లీటర్ల నీటికి సరిపెట్టి చల్లే కషాయం వ్యవసాయ శాస్త్రజ్ఞులు సిఫారసు చేసినదే. బెంగుళూరులోని భారత ఉద్యాన పరిశోధన సంస్థ టమోటా వరుసల నడుమ బంతిని ఎర పంటగా వేయమని సూచించింది. వేప, కానుగ నూనెలతో పిచికారీకి అనువైన సబ్బులను కూడా రూపొందించింది.

వేప విలువను విదేశీయులు ఏనాడో గ్రహించారు. శిలీంధ్రాలను అరికట్టే వేప నూనె విధానంపై అమెరికా వ్యవసాయ శాఖకు, గ్రేస్ కంపెనీకి 1994లో దక్కిన ఐరోపా పేటెంటును భారతీయులు సవాలు చేయగా, అది 2000లో రద్దయింది. 2005లో అప్పీలు కూడా వీగిపోయింది. పేటెంటును రద్దు చేయించడంలో చూపిన పట్టుదల, పొలంలో వేప వినియోగాన్ని పెంచడంలో కొరవడడం శోచనీయం.

సాధ్యమేనా అన్న సందేహానికి నాటి ఖమ్మం జిల్లా పాల్వంచ మండలంలోని పునుకుల సమాధానం చెప్పింది. పత్తి, మిరప సాగులో మందుల అప్పులతో కుంగిన ఆ గ్రామం వేపగింజల కషాయం, పచ్చిమిర్చి-వెల్లుల్లి ద్రావణం వంటి పద్ధతులను ఆశ్రయించి, 2004 నాటికి పురుగుమందులు లేని గ్రామంగా ప్రకటించుకున్నది. ఆంధ్రప్రదేశ్‌లో 2016లో ఆరంభమైన ప్రకృతి సేద్య కార్యక్రమానికి అటువంటి అనుభవాలే బాట వేశాయి.

అయితే మొక్కల మందు సర్వరోగ నివారిణి అనుకోవడం పొరపాటు. ఎండకు వేప గుణం త్వరగా తగ్గుతుంది కనుక సాయంవేళ చల్లాలి, పురుగు గుడ్డు దశలోనో పిల్ల దశలోనో ఉండగానే చల్లాలి. మొక్క నుంచి వచ్చినదల్లా నిరపాయం కాదు. పొగాకు కషాయంలోని నికోటిన్ మనిషికీ విషమే. ‘బయో’ పేరు తగిలించి రసాయనాలు కలిపిన సీసాలు అంటగడుతున్నారన్న ఫిర్యాదులు సరేసరి.

కాబట్టి ప్రభుత్వాలు చేయవలసినది ఉపన్యాసాలు ఇవ్వడం కాదు. వేపపండ్లు రాలే కాలంలోనే మహిళా సంఘాల ద్వారా గింజలు సేకరించి, నీడన ఆరబెట్టి నిల్వ చేయించి, పంట అదనుకు రైతుకు అందించాలి. దుకాణాల్లోని జీవ మందుల నమూనాలను క్రమం తప్పక పరీక్షించి కల్తీదారులను శిక్షించాలి. అవశేషాలు లేని టమోటాను మార్కెట్టులో విడిగా గుర్తించి, దానికి తగిన ధర దక్కేలా చూడాలి. మంచి కాయకూ మందు కాయకూ ఒకే ధర పలుకుతున్నంతకాలం రైతు సీసానే నమ్ముకుంటాడు. ఆ నేరం ఆయనది కాబోదు.