తలుపు తాళం, తుమర్థకం

మా అన్నయ్య కూతురు ఏదో పోటీ పరీక్షకు చదువుకుంటోంది. మొన్న ఆదివారం ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. దాని మీద రెండు నిలువు వరుసలు. ఎడమవైపు 'టు' రావలసిన క్రియలు, కుడివైపు 'ఇంగ్' రావలసిన క్రియలు. వాంట్, హోప్, డిసైడ్, రిఫ్యూజ్ ఒక పక్క. ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, మైండ్ మరో పక్క. మొత్తం తొంభైకి పైనే. "అన్నీ బట్టీ పట్టాను బాబాయ్. కానీ రిమెంబర్, ఫర్గెట్, ట్రై రెండు వరుసల్లోనూ ఉన్నాయి. వాటినేం చెయ్యాలి?" అంది. వాళ్ళ మాష్టారిని అడిగితే "రూలంతే, గుర్తుపెట్టుకో" అన్నారట.

ఆ "రూలంతే" మీదే నా తగవు. ముప్ఫై ఏళ్ళ కిందట నాకూ అదే సమాధానం దొరికింది. "తలుపుకు తాళం వేయడం మరచిపోయాను" అన్న వాక్యాన్ని 'ఐ ఫర్గాట్ లాకింగ్ ద డోర్' అని అనువదించి సున్నా తెచ్చుకున్నాను. ఎందుకు తప్పని తెలుగులో అడిగినందుకు బెంచీ ఎక్కాను. ఇంగ్లీషు పీరియడులో తెలుగు మాట్లాడటం నేరం. నా ప్రశ్నకు జవాబు ఆ నేరంలోనే ఉందన్న సంగతి నాకూ తెలియదు, ఆయనకూ తెలియదు.

ఇంగ్లీషులో 'ఫర్గాట్ టు లాక్' అంటే తాళం వేయలేదు. 'ఫర్గాట్ లాకింగ్' అంటే తాళం వేశాడు, వేసిన సంగతి మరచిపోయాడు. ఈ తేడా తెలుగువాడికి కొత్తదా? "తాళం వేయడం మరచిపోయాను" ఒకటి, "తాళం వేసిన సంగతి మరచిపోయాను" మరొకటి. "తాళం వేయడం గుర్తుంచుకో" అని ఊరెళ్ళేవాడికి చెబుతాం. "తాళం వేసినట్టు గుర్తు" అని వాడు దారిలో అనుకుంటాడు. జరగవలసిన పనికీ జరిగిపోయిన పనికీ మధ్య గీత మన భాషలో బడికి వెళ్ళకముందే పడి ఉంటుంది. చిక్కల్లా ఎక్కడంటే, జరగవలసిన పనిని మనం 'వేయడం' అనే నామంతో చెబుతాం, ఇంగ్లీషువాడు తుమర్థకంతో చెబుతాడు. నేను చేసిన తప్పు అదే. తెలుగులో రెండు ముక్కలు చెబితే తీరిపోయేది.

మిగిలినవాటినీ చూడండి. 'స్టాప్డ్ స్మోకింగ్', 'స్టాప్డ్ టు స్మోక్' అనే జంట ప్రతి వ్యాకరణ పుస్తకంలోనూ ఉంటుంది. మనకు ఇక్కడ క్రియే మారిపోతుంది. "సిగరెట్టు తాగడం ఆపాడు", "సిగరెట్టు తాగడానికి ఆగాడు". ఆపు, ఆగు. మొదటిదానికి కర్మ ఉంది, రెండోదానికి లేదు. అక్కడ 'టు' చెబుతున్నది ప్రయోజనం మాత్రమే. ఇంగ్లీషు ఒకే మాటలో దాచిన భేదాన్ని తెలుగు విడదీసి చూపిస్తోంది.

"తలుపు తీయడానికి ప్రయత్నించాను, రాలేదు" అంటే 'ట్రై టు ఓపెన్'. "కాస్త ఉప్పు వేసి చూడు" అంటే 'ట్రై యాడింగ్ సాల్ట్'. రెండోదాంట్లో ఉప్పు వేయడంలో కష్టమేమీ లేదు, ఫలితం ఏమిటో చూడటమే పరీక్ష. 'వేసి చూడు' కన్నా బాగా దీన్ని ఏ నిఘంటువు వివరించగలదు? అలాగే "తెలియజేయడానికి చింతిస్తున్నాం" అన్నది 'రిగ్రెట్ టు ఇన్ఫార్మ్'. "చెప్పినందుకు చింతిస్తున్నాను" అన్నది 'రిగ్రెట్ టెల్లింగ్'.

ఇంగ్లీషు చరిత్ర కూడా ఈ మాటే చెబుతుంది. 'టు' మొదట దిక్కును సూచించే విభక్తి పదం. 'వైపు' అని అర్థం. 'ఇంగ్' క్రియల నుంచి నామాలను పుట్టించే ప్రత్యయం. ఒకటి ముందుకు చూస్తుంది, మరొకటి పనిని ఒక వస్తువుగా నిలబెడుతుంది. డ్వైట్ బోలింజర్ 1968లోనే ఈ దారిలో వాదించాడు. పాత ఇంగ్లీషులో తుమర్థక ప్రత్యయం 'అన్'. మన 'చేయన్', 'పోవన్' రూపాల్లోనూ 'అన్' ఉంది. చుట్టరికమేమీ లేదు, కాకతాళీయమే. అయినా తరగతిలో చెబితే పిల్లలు జన్మలో మరచిపోరు.

నాకు ఎదురయ్యే ఆక్షేపణలు తెలుసు. 'అవాయిడ్', 'పోస్ట్‌పోన్' జరగని పనుల గురించే కదా, వాటికి 'ఇంగ్' ఎందుకు? 'మేనేజ్' పని నెరవేరిందని చెబుతుంది కదా, దానికి 'టు' ఎందుకు? మొదటివాటిలో పనిని పక్కకు నెట్టదగిన వస్తువుగా చూస్తున్నామని చెప్పుకోవచ్చు. రెండోదానికి నా సూత్రం చాలదు. అలాంటివి బట్టీ పట్టవలసిందే. తెలుగు దారి తప్పించే చోట్లూ ఉన్నాయి. "నన్ను వెళ్ళమని సూచించాడు" అన్న అలవాటుతోనే మనం 'సజెస్టెడ్ మీ టు గో' అంటాం, అది తప్పు. కానీ తప్పు ఎక్కడినుంచి వస్తోందో తెలియాలన్నా తెలుగును తరగతిలోకి రానివ్వాలి కదా. తొంభై క్రియల్లో పాతికో ముప్ఫయ్యో మిగిలితే వాటిని బట్టీ పడదాం. తొంభైనీ ఎందుకు?

పైగా ఆ "రూలు" శాశ్వతమూ కాదు. 'అకస్టమ్డ్ టు' తరువాత 19వ శతాబ్దపు ఆంగ్ల రచయితలు 'డూ' అని ధారాళంగా రాశారు. 'డూయింగ్' స్థిరపడింది 20వ శతాబ్దంలో. 2002లో వచ్చిన కేంబ్రిడ్జి వ్యాకరణం జెరండుకూ వర్తమాన పార్టిసిపులుకూ మధ్య గోడనే తీసేసింది. వాళ్ళు తమ వ్యాకరణాన్ని తిరగరాసుకుంటుంటే, మనం దాన్ని శిలాశాసనంలా పిల్లల చేత వల్లె వేయిస్తున్నాం.

బ్రౌను దొర 1840లో తెలుగు వ్యాకరణాన్ని ఇంగ్లీషులో రాసి అచ్చు వేశాడు. తన భాషలో నిలబడి మన భాషను అర్థం చేసుకున్నాడు. అందుకు ఆయన్ను ఎవరూ బెంచీ ఎక్కించలేదు. మన పిల్లలు తమ భాషలో నిలబడి ఆయన భాషను అర్థం చేసుకుంటామంటే మాత్రం జరిమానా, బెంచీ, సున్నా. ఇంగ్లీషు రాని పిల్లలకు తెలివి లేదని తీర్పు చెప్పేముందు, ఆ తెలివి ఏ భాషలో ఉందో ఆ భాష నోరు మనమే నొక్కామని ఒప్పుకోవాలి.

ఆ ఆదివారం మా అమ్మాయి చివరగా 'లుక్ ఫార్వర్డ్ టు సీ' ఎందుకు తప్పని అడిగింది. "మీ రాక కోసం ఎదురుచూస్తున్నాను" అని రాయమన్నాను. 'కోసం' ముందు ఏముందో చూడమన్నాను. "రాక... నామం" అంది. ఒక్క నిమిషం ఆగి, "అయితే ఆ 'టు' మన 'కోసం' లాంటిదన్నమాట. దాని పక్కన నామమే ఉండాలి, 'సీయింగ్' రావాలి" అంది.

నేను అవునన్నాను. ఇంతకన్నా పెద్ద రూలు ఆ మాష్టారి దగ్గర ఉంటే వినడానికి సిద్ధంగా ఉన్నాను. ఎవరైనా ఖండించదలిస్తే ఖండించండి, కానీ దయచేసి "రూలంతే" అని మాత్రం అనకండి.